పది ఆంపియర్ల మాట ఎంతవరకు నిజము?

జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనములను చూచువారికి ఒక నమూనా బాగుగా పరిచితమై యుండును. ఒక పళ్ళెములో ఎఱ్ఱమన్ను, ఆ మన్నులో గుచ్చిన రెండు లోహపు పుల్లలు, ప్రక్కన చిన్న సర్క్యూటు పలక, దానిపై నీలిరంగు డబ్బీవంటి రిలే, చివరను అగ్గిపెట్టెయంత పంపు. మన్ను ఎండినచో రిలే 'టిక్కు' మనును, పంపు నీరు పోయును. మన్ను తడిసినచో మరల 'టిక్కు' మని పంపు ఆగును. వెనుక అట్టమీద 'రాయలసీమ రైతునకు స్వయంచాలక సేద్యము' అని పెద్ద అక్షరములలో వ్రాసి యుండును. న్యాయనిర్ణేతలు చూతురు, మెచ్చుకొందురు, తరువాతి బల్లకు సాగుదురు. కేంద్రప్రభుత్వపు నీతి ఆయోగ్ 2016లో అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకమును చేపట్టిన తరువాత ఇటువంటి రిలే పలకలు మరింత మంది పిల్లల చేతికి అందినవి. ఇది సంతోషింపదగిన విషయమే.

కాని ఆ నమూనా చెంత నిలిచి ఒక ప్రశ్న వేసి చూడుడు. 'బాబూ, ఈ బొమ్మ పంపును తీసివేసి మీ ఇంటి ఒక హార్సుపవరు మోటారును దీనికే తగిలించవచ్చునా?' బాలుడు రిలేమీది అచ్చును చూపి వెంటనే సమాధానము చెప్పును: 'తగిలించవచ్చును సార్. మోటారుకు ఆరు ఆంపియర్లు కావలెను; ఇది పది ఆంపియర్లు తట్టుకొనును.' లెక్క తప్పు లేదు. ఆరు పదికంటె తక్కువే. భౌతికశాస్త్రము మాత్రము ఈ సమాధానమును అంగీకరింపదు. ఈ వ్యాసము ఆ సమాధానముమీది విమర్శ. బాలునిమీద విమర్శ కాదు. అతనికి ఆ అంకెను సగము వాక్యముగా అందించిన పాఠములమీద, పెట్టెలమీద, బహుమతులిచ్చు మనబోటివారిమీద విమర్శ.

రిలేమీద '10 ఆంపియర్లు, 250 వోల్టులు' అని యున్నచో దానికి పూర్తి అర్థమిది: స్విచ్చు వేసిననాటి నుండి తీయువరకు మారని శుద్ధ నిరోధము ఆవలి కొసన ఉన్నచో, ఇన్నివేల సార్లు కలిపి విడదీయుటకు పది ఆంపియర్లు. అచ్చులో అంకె మాత్రమే మిగిలినది. 'శుద్ధ నిరోధము' అన్న షరతు తయారీదారుని వివరణపత్రములో చిన్న అక్షరములలో ఉండును. ప్రయోగశాలలలో విరివిగా వాడు ఒక నీలి రిలే వివరణపత్రములో ప్రేరక భారమునకు, అనగా తీగచుట్టలు గల సామగ్రికి, 120 వోల్టులవద్ద మూడు ఆంపియర్లే అని స్పష్టముగా ఉన్నది. పైన పది, లోపల మూడు! తయారీదారుడు దాచలేదు, మనము చదువలేదు.

ఈ తేడా ఎక్కడనుండి వచ్చినదో తెలియుటకు రిలే పుట్టుక కొంచెము చెప్పవలెను. ఆ ఆంగ్లపదమునకు మన 'అంచె' అను మాట చక్కని సాటి. పూర్వము టపా మోయు గుర్రములు అలసినచోట క్రొత్త గుర్రములు సిద్ధముగా నుండెడివి. వార్త నిలువక సాగెడిది. అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతమున చేసినది ఈ అంచె ఏర్పాటే. దూరమునుండి వచ్చి నీరసించిన ప్రవాహము ఒక విద్యుదయస్కాంతమును మేల్కొలుపును. అది లాగిన ఇనుపరేకు రెండు లోహపు మొనలను కలుపును. ఆ మొనలద్వారా వేరొక బ్యాటరీ తన బలముతో పని సాగించును. తంతివార్తలు ఖండములు దాటినది ఈ ఉపాయము చేతనే. ఆ లోహపు మొనలనే మన ఎలక్ట్రీషియన్లు 'పాయింట్లు' అందురు. నేనును ఆ మాటనే వాడెదను.

విద్యుదయస్కాంతపు సగమును మనము తరగతిలో శ్రద్ధగానే బోధింతుము. మేకుకు తీగ చుట్టించి గుండుసూదులను ఎత్తింతుము. పాయింట్ల సగమును మాత్రము ఒక గీతతో ముగింతుము. సర్క్యూటు పటములో స్విచ్చు అనగా గీతలో ఒక తెంపు. కలిసినచో నిరోధము సున్న, విడినచో అనంతము. ఈ రెండింటి నడుమ ఏమియు లేనట్లు పటము చెప్పును. రిలే బ్రదుకంతయు ఆ నడుమనే గడచును, చావును అక్కడనే వచ్చును. విచిత్రమేమనగా, పొడవైన తీగచుట్టను బ్యాటరీనుండి విడదీసినప్పుడు ప్రకాశవంతమైన నిప్పురవ్వ లేచునని 1832లోనే ప్రకటించినవాడు ఆ హెన్రీయే. రిలేను చేసినవాడే దానిని తినివేయు నిప్పును కూడ ముందుగా వర్ణించియుండెను.

ఇప్పుడు పాయింట్లు కలియు క్షణమును పరిశీలింతము. కంటికి నున్నగా కనుపించు వెండి పాయింట్లు సూక్ష్మదర్శినిలో కొండలు, లోయలు. రెండు పాయింట్లు కలిసినవనగా కొన్ని శిఖరముల కొసలు తాకినవని మాత్రమే అర్థము. ప్రవాహమంతయు ఆ ఇరుకుదారినే పోవలెను. పైగా వచ్చి తగిలిన పాయింటు ఒక్కసారిగా కుదురుకొనదు. గచ్చుమీద పడిన గోలీవలె కొన్నిమార్లు ఎగిరి నిలుచును. ఇదంతయు ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగియును. ప్రతి ఎగురుటలోను చిన్న విద్యుచ్చాపము పుట్టి వెండి కొంచెము కరగును, కరగిన వెండిపైకి పాయింటు మరల వచ్చి కూర్చుండును. ప్రవాహము మితముగా నున్నచో ఆ అతుకు బలహీనము. స్ప్రింగు దానిని త్రెంపివేయును. ప్రవాహము ఆ మిల్లీసెకన్లలోనే మిక్కుటముగా నున్నచో అతుకు గట్టిపడును. కాయిలు వదలినను పాయింట్లు వదలవు. వేంపల్లె, పులివెందుల ప్రాంతములలో స్టార్టర్లు బాగుచేయువారు దీనిని ఒక్క వాక్యములో చెప్పుదురు: 'పాయింట్లు అతుక్కపోయినాయి సార్, మోటారు ఆపితే ఆగదు.'

విడిపోవు క్షణము మరియొక తీరు. పాయింట్లు దూరమగుచుండగా తాకు శిఖరములు తగ్గి, చివరకు ఒక్క కొసలో ప్రవాహమంతయు చేరును. ఆ కొస కరగి సన్నని లోహవారధి యగును. వెండి 962 డిగ్రీలవద్ద కరగును, 2162 డిగ్రీలవద్ద మరగును. ఆ వారధి రెండు హద్దులను దాటి ఆవిరియై తెగును. అప్పుడు వోల్టేజి సుమారు 12 వోల్టులను, ప్రవాహము సుమారు 0.4 ఆంపియరును మించియున్నచో వెండి పాయింట్ల నడుమ చాపము నిలుచును. ఆ చాపమున్నంతసేపు ఒక పాయింటునుండి లోహము లేచిపోవుచుండును. కలియునప్పటి ప్రమాదము అతుకు. విడునప్పటి ప్రమాదము అరుగుదల. ఏ భారము ఏ ప్రమాదమును పెంచునో చూడవలెను.

నీళ్ళు కాచు హీటరు సాధువైన భారము. వేసినప్పుడు ఎంత తీసికొనునో, తీయునప్పుడును ఇంచుమించు అంతయే. రిలేమీది అంకె ఇట్టివానికే వ్రాసినది.

తంతువు గల బల్బు చూచుటకు హీటరు తమ్ముడే, కాని స్వభావము వేరు. 230 వోల్టుల నూరు వాట్ల బల్బునకు వెలుగుచున్నప్పుడు నిరోధము 529 ఓములు. ప్రవాహము అర ఆంపియరుకు లోపల. చల్లని బల్బును మల్టీమీటరుతో కొలిచినచో నలుబది ఓములకు అటునిటుగా వచ్చును. ఏ విద్యార్థియైనను ఇంటిలోనే చేయదగిన కొలత ఇది; బల్బును హోల్డరునుండి ఊడదీసి కొలువవలెను. నలుబది ఓములనగా స్విచ్చు వేసిన తొలి క్షణములో ఐదారు ఆంపియర్లు. ఏకాంతర వోల్టేజి శిఖరమున ఉన్నప్పుడు పాయింట్లు కలిసినచో ఎనిమిదివరకు. అర ఆంపియరు భారమునకు ఎనిమిది ఆంపియర్ల తొలిదెబ్బ! టంగ్‌స్టను వేడెక్కుకొలది నిరోధము పెరుగునని పరీక్షలో వ్రాసినవాడు ఈ దెబ్బను ఊహించగలడు. ఆ రెండు పాఠములను కలిపి చెప్పువారు తక్కువ.

నేటి ఎల్.ఇ.డి. బల్బు ఇంకను మాయావి. పది వాట్ల బల్బు నిలకడగా తీసికొనునది ఆంపియరులో పదవ వంతుకంటె తక్కువ. దాని లోపల మొదట ఉన్నది ఒక ఖాళీ కెపాసిటరు. ఖాళీ కెపాసిటరు తొలి సూక్ష్మక్షణములలో ఇంచుమించు షార్టు సర్క్యూటువంటిది. అటువంటి బల్బులు ఇరువది ముప్పది ఒకే రిలేకు తగిలించి, మొత్తము మూడు ఆంపియర్లే గదా అని నిశ్చింతగా నుండుట చెల్లదు. ఎగురుచున్న పాయింట్లు సరిగా ఆ క్షణములోనే కరగును.

ఇక మోటారు. మన జిల్లాలో బ్రదుకుతెరువు దీనిమీదనే ఆధారపడియున్నది గనుక ఇచ్చట కొంత ఆగెదను. కె.సి. కాలువ నీరందని పల్లెలలో చీనీ తోట బ్రదుకవలెనన్న బోరుబావియే దిక్కు. వందల అడుగుల లోతున నీట మునిగిన మోటారు త్రిప్పుటకు నేలపైనున్న స్టార్టరు పెట్టెలో కాంటాక్టరు ఉండును. కాంటాక్టరనగా బలిసిన రిలేయే. మూడు ఫేజులకు మూడు జతల పాయింట్లు. ఐదు హార్సుపవర్ల మూడు ఫేజుల మోటారు పూర్తి భారముతో ఏడెనిమిది ఆంపియర్లు తీసికొనును. నిలిచియున్న మోటారు మాత్రము తొలుత దానికి ఆరు రెట్లు, అనగా నలుబది అయిదు ఆంపియర్ల ప్రాంతమున, లాగును. వేగము అందుకొనుకొలది అది తగ్గును. వోల్టేజి బాగున్నచో ఈ ఘట్టము అల్పకాలములో దాటిపోవును, పాయింట్లు బ్రదికి బయటపడును.

వోల్టేజి బాగుండనిచో? మోటారు త్రిప్పుబలము వోల్టేజి వర్గముననుసరించి మారును. 415 వోల్టులకు బదులు లైను చివరనున్న తోటకు 300 వోల్టులే అందినచో త్రిప్పుబలము ఇంచుమించు సగమునకు పడిపోవును. మోటారు వేగము అందుకొనుటకు ఎక్కువ కాలము పట్టును. ఆ కాలమంతయు పాయింట్లగుండా పెద్ద ప్రవాహమే. ఇంతకంటె చెడ్డది మరొకటి కలదు. కాంటాక్టరు కాయిలు తన నిర్ణీత వోల్టేజిలో 85 శాతమువరకు నమ్మకముగా పనిచేయవలెనని ప్రమాణము. 415కు అది 353 వోల్టులు. అంతకంటె తక్కువైనచో హామీ లేదు. కాయిలు పాయింట్లను లాగును, మోటారు పెద్ద ప్రవాహము లాగుటతో లైను వోల్టేజి ఇంకను క్రుంగును, కాయిలు పట్టు వదలును, పాయింట్లు విడును, ప్రవాహము ఆగుటతో వోల్టేజి లేచును, కాయిలు మరల లాగును. స్టార్టరు పెట్టె గడగడ కొట్టుకొనుట మన రైతులందరు విన్నదే. ఆ ఒక్కొక్క కొట్టుటలో నలుబది అయిదు ఆంపియర్లను కలుపుట, అంతటినే విడదీయుట జరుగును. సాధారణముగా తిరుగుచున్న మోటారును ఆపినప్పుడు విడదీయవలసినది ఏడెనిమిదే. కొన్ని క్షణముల గడగడలో కాంటాక్టరు ఎన్నో మామూలు దినముల ఆయువును కోల్పోవును. 'కంపెనీ నాసిరకము' అని పెట్టెను తిట్టుటకు ముందు లైను చివర వోల్టేజిని కొలువవలెను.

ఇచ్చటనే ఆటోస్టార్టరు మాట వచ్చును. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. మూడు ఫేజుల సరఫరా మాత్రము రోజులో కొన్ని గంటలకే. నడిరేయి ఫేజు వచ్చు కాలములో పామునకు, తేలుకు, తడిచేతి షాకుకు వెరచి రైతు తోటకు పోలేక, ఫేజు రాగానే తనంతట మోటారును వేయు పెట్టెను బిగించుకొనెను. అతనిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. దాని ఫలితము మాత్రము చూడుడు: ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింద పది మోటార్లున్నచో పదియు ఒకే క్షణమున ఆరేసి రెట్లు లాగును. వోల్టేజి క్రుంగి, పది కాంటాక్టర్లు ఒకేమారు గడగడలాడును. పొరుగున తెలంగాణములో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ప్రారంభించినప్పుడు ప్రభుత్వమే రైతులను ఆటోస్టార్టర్లు తొలగించుడని కోరినది. భూగర్భజలము వృథా యగుట అందులో ప్రధానమైన భయము. పాయింట్ల దృష్టితో చూచినను ఆ కోరిక సరియైనదే. నిజమునకు ప్రతి పెట్టెకు కొన్ని క్షణములు వేర్వేరుగా ఆలస్యము పెట్టినను ఈ తాకిడి చాలవరకు తగ్గును. అది ఎలక్ట్రానిక్సు విద్యార్థికి ఒక పూట పని. ప్రదర్శనములో దానికి బహుమతి వచ్చుట నేను చూడలేదు.

ఉచిత విద్యుత్తుతోపాటు మోటార్లకు కెపాసిటర్లు బిగించుకొనవలెనని కూడ సూచించిరి. అవి లైను నష్టములను తగ్గించును గనుక మంచివే. మోటారుతోపాటు అదే పాయింట్లమీదుగా కెపాసిటరు నిండునప్పుడు మాత్రము పైన చెప్పిన ఎల్.ఇ.డి. కథయే పెద్ద కొలతలో నడచును.

ఏకముఖ ప్రవాహము సంగతి వేరే చెప్పవలెను. మన ఇంటి ఏకాంతర ప్రవాహము సెకనుకు నూరుమార్లు సున్నకు వచ్చును. పాయింట్ల నడుమ చాపము పుట్టినను, పది మిల్లీసెకన్లలోపల దానికి ఊపిరి ఆగును. అప్పటికి ఎడము చాలినంతగా నున్నచో అది మరల లేవదు. ఏకముఖ ప్రవాహమునకు ఈ సున్న లేదు. చాపము తనంతట ఆరదు; ఎడము పెంచి, సాగదీసి, చల్లబరచి ఆర్పవలెను. అందుచేతనే 250 వోల్టుల ఏకాంతరమున పది ఆంపియర్లు విడదీయు చిన్న రిలేకు ఏకముఖమున 30 వోల్టులవద్ద మాత్రమే అంతటి హక్కు ఇత్తురు. నూరు వోల్టులు దాటినచో అది అర ఆంపియరు ప్రాంతమునకు పడిపోవును. ఇది పుస్తకపు మాట కాదు. కర్నూలు చెంత గని, శకునాల గ్రామముల భూములలో 2017లో పూర్తియైన వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రములో పలకలనుండి వచ్చునది ఏకముఖ ప్రవాహమే. తోటలలోని సౌరపంపులకును పలకల వరుస వోల్టేజి కొన్ని వందలవరకు ఉండును. మామూలు ఇంటి స్విచ్చును, నీలి రిలేను అక్కడ పెట్టినచో విడదీసిన పాయింట్ల నడుమ చాపము వెలుగుచునే యుండి పెట్టెను కాల్చివేయును. ఎండలో పలకను 'ఆపు' చేయుటకు మీట లేదు; ఎండయే దాని మీట. ఉపాధ్యాయులు ఈ ఒక్క విషయమును తప్పక చెప్పవలెను.

ఏకముఖముతో మరియొక వింత కలదు. లోహము ఎల్లప్పుడు ఒకే దిశకు వలసపోవుటచే ఒక పాయింటుమీద గుంట, రెండవదానిమీద మొటిమ ఏర్పడును. పాత జీపులు, స్కూటర్లు నడిపిన పెద్దలకు ఇది తెలియును. ఇంజనులోని టంగ్‌స్టను పాయింట్ల ప్రక్కన కండెన్సరు తగిన విలువలో లేనిచో ఈ మొటిమ త్వరగా పెరిగెడిది. వారు ఉప్పుకాగితముతో రుద్ది బండి కదలించెడివారు. ఆ అలవాటే ఈనాడు కాంటాక్టర్లకు కూడ ప్రాకినది. వెండి మిశ్రమపు పాయింట్లను నల్లబడినంతమాత్రమున రుద్దరాదు. ఆ నలుపు చాలవరకు హానిలేనిది. రుద్దినచో పోవునది విలువైన వెండి, మిగులునది గరుకుతనము. ఆ వెండిలో పూర్వము కాడ్మియం ఆక్సైడును, నేడు ఎక్కువగా తగరపు ఆక్సైడును కలుపుట అతుకు పడకుండుటకే. అది వట్టి వెండిరేకు కాదని రుద్దువాడు తెలిసికొనవలెను.

భారము ఎక్కువైనచోనే ముప్పు అని తలచువారికి ఒక హెచ్చరిక. మిక్కిలి తక్కువైనను ముప్పే. వెండి పట్టీలు గాలికి నల్లబడినట్లే పాయింట్లమీద గంధకపు పొర ఏర్పడును. ఆంపియర్లు పోవుచోట చిన్న చాపము ఆ పొరను కాల్చి శుభ్రపరచును. తేమను కొలుచు పరికరముయొక్క మిల్లీఆంపియరు సంకేతమునకు ఆ శక్తి లేదు. పాయింట్లు కలిసినను సంకేతము దాటదు. అందుకే అట్టిచోట్ల బంగారుపూత గల పాయింట్లు వాడుదురు. కొన్ని శక్తి రిలేల వివరణపత్రములలో కనీస ప్రవాహము నూరు మిల్లీఆంపియర్లని వ్రాసియుండును. గరిష్ఠమును చదువువారిలోనే కొద్దిమంది కనిష్ఠమును కూడ చదువుదురు.

ఇప్పుడు ఆయువు లెక్కకు వత్తము. చిన్న రిలేలకు రెండు ఆయువులుండును. భారము లేక వట్టిగా కొట్టుకొన్నచో కోటిసార్లు. నిర్ణీత నిరోధ భారముతో లక్షసార్లు. నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు ఆయువును తినివేయునది యంత్రపు అరుగుదల కాదు, ఆ నడిమి నిప్పే అని ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి. లక్ష అనగా ఎక్కువయా, తక్కువయా? రోజునకు నాలుగుమార్లు పనిచేయు రిలేకు అరువది ఎనిమిదేండ్లు. అర నిమిషమునకొకసారి పనిచేయుదానికి రోజునకు 2880. ముప్పది అయిదు దినములలో లక్ష పూర్తియగును. ప్రదర్శనములోని మన్నుపళ్ళెము ఈ రెండవ జాతిలోనే చేరును. తేమ గీత దగ్గరకు రాగానే రిలే 'టిక్కు టిక్కు' మని ఊగిసలాడుట మనమందరము చూచియున్నాము. పిల్లలు దానిని పరికరముయొక్క చురుకుదనముగా భావింతురు. వేయు గీత ఒకటి, ఆపు గీత వేరొకటి పెట్టి నడుమ ఎడము ఉంచినచో ఈ ఊగిసలాట పోవును. ఆ ఎడమే నిజమైన పొలములో రిలే ప్రాణము. బహుమతిపత్రములో దీనికి మార్కుల గడి ఉండవలెను. ఇప్పటికి 'పనిచేయుచున్నదా, లేదా' అన్న గడియే ప్రధానము. ఒక్కసారి పనిచేయుట వైరు చూపించును, లక్షవసారి పనిచేయుట శాస్త్రమును చూపించును. మన న్యాయనిర్ణయము మొదటిదానివద్దనే ఆగుచున్నది.

'అట్లయిన పెద్ద రిలే వేసినచో సరిపోవును గదా' అని సులభమైన సలహా ఒకటి తరచు వినబడును. ఇది సగము నిజము. పరిశ్రమలవారు ఈ సలహాను అంకెలలో వ్రాసియుంచిరి. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘపు ప్రమాణము, దానినే స్వీకరించిన భారతీయ ప్రమాణము, కాంటాక్టర్ల భారములను తరగతులుగా విభజించినవి. హీటరువంటివి ఏసీ-1, తిరుగుచున్నప్పుడు మాత్రమే ఆపు మోటార్లు ఏసీ-3, వేగమందుకొనకమునుపే ఆపి వేయు మోటార్లు ఏసీ-4. ఏసీ-1లో 25 ఆంపియర్లుగా అమ్ముడుపోవు కాంటాక్టరే ఏసీ-3లో 9 ఆంపియర్లు మాత్రమే. వస్తువు ఒకటే, వెండి ఒకటే. ఆవలి కొసన ఉన్నదానిని బట్టి పేరు మారినది. కడప బండలను ఎత్తి దించు హాయిస్టు మోటారు ఏసీ-4 జాతిది. అక్కడ అదే కాంటాక్టరు ఇంకను క్రిందికి దిగవలెను. నా దృష్టిలో పెట్టెమీద అచ్చువేయవలసినది ఈ మూడు అంకెలు. పెద్ద అంకెనొక్కదానినే పెద్దగా అచ్చువేయుట చట్టవిరుద్ధము కాకపోవచ్చును గాని సత్యసమ్మతము కాదు.

పెద్దది వేయుట ఎందుకు సగము నిజమేయనగా, చాపమును పుట్టించునది తీగచుట్టలో నిలువయున్న శక్తి. పాయింటు పెద్దదైనంతమాత్రమున ఆ శక్తి తగ్గదు. దానికి వేరు దారి చూపవలెను. ఏకముఖ తీగచుట్టకు అడ్డముగా డయోడు, ఏకాంతరమున పాయింట్లకు అడ్డముగా నిరోధము కెపాసిటరు జత, మామూలు ఉపాయములు. ఇచ్చట ప్రయోగశాల పలకలు పిల్లలను మోసపుచ్చుచున్నవి. ఆ పలకమీద డయోడు ఒకటి కనుపించును. అది రిలే కాయిలునకు అడ్డముగా నున్నది, కాపాడునది ట్రాన్సిస్టరును. పాయింట్ల ప్రక్కన ఏమియు లేదు. పైగా ఆ డయోడువలన కాయిలులోని ప్రవాహము మెల్లగా చల్లారుటచే పాయింట్లు కొంచెము నెమ్మదిగా విడిపడును. చాపమునకు అది అనుకూలమే. డయోడును తీసివేయుమని నా భావము కాదు; అది ఎవరి కాపలాదారుడో పిల్లవానికి చెప్పవలెను.

ఇంటి మోటారును నిజముగా నడుపదలచిన విద్యార్థికి సరియైన దారి అంచెల దారియే. నీలి రిలే చిన్న కాంటాక్టరు కాయిలును నడుపవలెను. కాంటాక్టరు మోటారును నడుపవలెను. రిలే పాయింట్ల ప్రక్కన నిరోధము కెపాసిటరు జత ఉండవలెను. 230 వోల్టుల పనిని విద్యార్థి తాను చేయరాదు, లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేత చేయించవలెను.

పాఠశాలలో ఇదంతయు చూపుటకు 12 వోల్టుల బ్యాటరీ చాలును. ఒకే రకపు చౌక రిలేలు మూడు కొనుడు. మొదటిదానికి మోటారుసైకిలు హెడ్‌లైటు బల్బును, రెండవదానికి డయోడు లేని పెద్ద రిలే కాయిలునో, హారనునో, మూడవదానికి బల్బు తీసికొనునంతటి ప్రవాహమునే తీసికొను వైరువౌండు నిరోధమును తగిలింపుడు. రెండు సెకన్లకొకసారి మూడింటిని ఒకేమారు కొట్టించినచో గంటకు 1800. ఐదున్నర గంటలలో పదివేలు. బడి వేళలో ఒక దినము చాలును. ఒక కెపాసిటరును కూడ చేర్చి, మరియొక దినము హారనుకు అడ్డముగా డయోడు పెట్టి మరల నడుపవచ్చును. అప్పుడు డయోడు దిశ తప్పకుండ చూచుకొనవలెను, తప్పినచో అది బ్యాటరీకే షార్టు. తరువాత నీలి మూతలను కత్తితో జాగ్రత్తగా విప్పి, జీవశాస్త్రపు గదిలోని భూతద్దముతో పాయింట్లను చూడుడు. ఏది నల్లబడినది, ఏది గుంటపడినది, మొటిమ ధనధ్రువము వైపున లేచినదా, ఋణధ్రువము వైపుననా అని పిల్లలచేత బొమ్మ గీయింపుడు. బ్యాటరీ తీగలను తారుమారు చేసి క్రొత్త రిలేతో మరియొక పదివేలు నడిపినచో మొటిమ ఏ వైపునకు మారునో ఆ బొమ్మ ప్రక్కనే గీయవచ్చును.